సూర్యావతి గారి ‘ఆయ్’

2006లో నేను అమలాపురంలో లైబ్రరీ తయారుచేస్తున్నానని విని, మా వెనక వాటాలో ఉండే వీరాయమ్మగారు పాత వారపత్రికలు పెద్ద కట్ట కట్టి పంపించారు. అసలే నడుంనొప్పి మనిషి, అటక మీంచి స్వయంగా దించారట. మర్నాడు వీధిలో కనబడి, లైబ్రరీ ఎక్కడ పెడుతున్నారు, పొద్దున్నే పేపరు ఎన్నింటికి వస్తుంది, ఆడవాళ్ళకి వేరే బల్ల ఉంటుందా అని అడిగారు. ఇది పుస్తకాల లైబ్రరీ కాదండీ అని పావుగంట చెప్పాను. ఓపిగ్గా అంతా విని, పుస్తకాలు లేనప్పుడు లైబ్రరీ అనడమెందుకని అడిగారు.

వడ్రంగి పనికి వెళ్తూ సంచి పట్టుకెళ్తాడు. ఇంటింటికీ కొత్త ఉలి, కొత్త రంపం చేయించుకోడు కదా. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి అలాంటి సంచే లైబ్రరీ. నేను కుట్టిన సంచి ఇంటర్నెట్ లైన్లని కొలిచే ప్రోగ్రాము కోసం. ఫలానా ఊళ్ళో లైను పనిచేస్తోందా, ఎంత వేగంగా చేస్తోంది అని లెక్కతేల్చే ప్రోగ్రాము పైన ఉంటుంది. లైను మీదకి వెళ్ళడం, అవతలి కంప్యూటరుని పిలవడం, అది పలికేదాకా ఆగడం, పలికింది వినడం, ఈ చాకిరీ అంతా కింద నా లైబ్రరీ చేస్తుంది.

నేను కంప్యూటర్లు చదువుకున్నదాన్నే. కానీ ఈ పనిలో అసలు సంగతి నాకు నేర్పినావిడ జన్మలో కంప్యూటరు ముట్టుకోలేదు. ఆవిడ చేసిన మేలు చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది అనంతపురం. 1991లో కొత్తపేట హైస్కూల్లో లెక్కలు చెప్పే మురళీమోహన్ గారిని పెళ్ళి చేసుకుని కోనసీమకి వచ్చాను. బీయస్సీ చదివి ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం నా ఒంటికి పడదు. ఆరు నెలలు తిరక్కుండానే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తాత్కాలిక ఆపరేటరుగా కుదిరాను. అక్కడ పెద్ద ఆపరేటరు సూర్యావతి గారు. నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని. మా అత్తగారు అలా పిలవమన్నారు, ఏ వరసన పిన్నో మా అత్తగారికీ తెలియదు.

ఆవిడది ఉప్పలగుప్తం. ఎస్సెల్సీ పాసై, 1966లో ఈ ఉద్యోగానికి పిలుపు వస్తే, ఆడపిల్ల రోజంతా పరాయి మగాళ్ళతో మాట్లాడే ఉద్యోగమేమిటని వాళ్ళ పెదనాన్నగారు అడ్డుపడ్డారట. "నేను మాట్లాడనండీ, వాళ్ళని మాట్లాడుకోనిస్తానంతే" అని చెప్పి చేరిపోయారు. భర్త బాపిరాజు గారిది కొబ్బరి దింపుల వ్యాపారం. ఊరంతా మా ఆవిడ మాటే వింటుందండీ, మా ఆవిడ మాత్రం నా మాట వినదండీ అని ఆయన కనబడినవాళ్ళందరికీ ఫిర్యాదు చేస్తుండేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ మొహం ఎరిగినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఒకసారి మేమిద్దరం రావులపాలెం బస్సెక్కితే, ఆవిడ టిక్కెట్టు అడిగిన మరుక్షణం కండక్టరు చేతులు జోడించి, ఎక్స్ఛేంజి అమ్మగారా అంటూ తన సీటు ఇచ్చేశాడు. నేను నిలబడే వెళ్ళాను, నా గొంతు ఎవరికీ తెలియదు మరి.

అప్పుడు మా ఎక్స్ఛేంజిలో నంబరు తిప్పితే నేరుగా ఫోను వెళ్ళే సౌకర్యం ఇంకా రాలేదు. ఫోనెత్తితే మేం పలకాలి, తాడు తీసి బోర్డు మీద కన్నంలో గుచ్చాలి. బయటి ఊరైతే మేం రాజమండ్రిని పిలవాలి, రాజమండ్రి హైదరాబాదుని పిలవాలి, వాళ్ళు ఇంకొకళ్ళని పిలవాలి. ఈ వరసలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. ఆఫీసు చీటీల మీద రాయవలసింది రాశాక, సూర్యావతి గారు తన సొంత నోటుబుక్కులో కూడా రాసుకునేవారు. ‘కాల్ దొరకలేదు’ అని ఆవిడ ఒక్కనాడూ రాయలేదు. రాజమండ్రి పలికింది, హైదరాబాదు పలికింది, అవతల బెల్లు మోగింది, ఎత్తలేదు. లేకపోతే, ఎత్తారు, ఆయ్ అన్నారు, తరవాత మాట వినబడలేదు. పక్కన ప్రతిదానికీ గంటా నిమిషం. అంత రాయడం నాకు చాదస్తంగా కనబడేది. దొరకలేదంటే దొరకలేదు, దానికి రామాయణమంతా ఎందుకని నా వాదన. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, తెలియని విషయం అంటూ ఉండేది కాదు.

ఈ ‘ఆయ్’ గురించి చెప్పాలి. మా అనంతపురంలో ఔనంటే ఔను, లేదంటే లేదు. ఇక్కడికి వచ్చాక ఏం చెప్పినా అవతలివాళ్ళు ఆయ్ అంటారు. వినయంగా, మెత్తగా, తల కొంచెం వంచి మరీ అంటారు. ఎంత మర్యాదస్తుల సీమకి వచ్చానమ్మా, నేనేం చెప్పినా ఒప్పుకుంటున్నారు అని కొన్ని నెలలు మహా సంబరపడ్డాను. ఆ సంబరం ఒకరి కొంప తీసింది.

బొంబాయి నుంచి గణపతి అనే అతను ఫోను చేశాడు. మా దగ్గర పల్లెవాడే, మర్నాడు సాయంత్రం దుబాయి విమానం ఎక్కుతున్నాడు. రెండేళ్ళ దాకా రాడు. మర్నాడు పది గంటలకి వాళ్ళమ్మ అచ్చమ్మని ఫోను దగ్గరికి తీసుకొస్తే ఒక్కసారి మాట్లాడి వెళ్ళిపోతానన్నాడు. వాళ్ళ పల్లె మొత్తానికీ ఫోను త్రిమూర్తులు కొట్లో ఒక్కటే. త్రిమూర్తులుకి విషయం చెప్పాను. ఆయ్ అన్నాడు. నేను తాడు పీకేసి, బొంబాయి లైను మీదికి వెళ్ళి, మీ అమ్మగారు పదింటికి వస్తారు అని గణపతికి చెప్పాను. చీటీ మీద కూడా ‘తీసుకొస్తామన్నారు’ అని రాశాను.

అచ్చమ్మ రాలేదు. త్రిమూర్తులు ఆ రోజు మూడు దాటేదాకా కొట్టు తెరవలేదు, నేనెన్నిసార్లు కలిపినా అక్కడ ఎత్తేవాళ్ళు లేరు. గణపతి పదింటినుంచి బొంబాయిలో ఫోను బూత్ దగ్గర వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడల్లా చేసి, మళ్ళీ వరస చివరికి వెళ్ళి, మూడింటికి ఇంక వెళ్ళక తప్పక వెళ్ళిపోయాడు. ఆఖరిసారి, అమ్మకి ఒంట్లో బాగానే ఉందా, దాచకుండా చెప్పండి అని అడిగాడు. బాగానే ఉండుంటారండీ అన్నాను.

సూర్యావతి గారు నన్ను కేకలెయ్యలేదు. చీటీ తెమ్మన్నారు, చదివారు.

"తీసుకొస్తానన్నాడా త్రిమూర్తులు?"

"ఔనండీ పిన్నిగారూ."

"ఏ మాట అన్నాడు? వాడి మాట చెప్పు, నీ మాట కాదు."

ఆయ్ అన్నాడని చెప్పాను. ఆవిడ అక్కడికక్కడే, అప్పుడే తెరిచిన త్రిమూర్తులు కొట్టుకి లైను కలిపి, హెడ్‌ఫోను తీసి నా చెవికి పెట్టారు. పాపం ఆ త్రిమూర్తులు భయపడిపోయి, "నేను ఆయ్ అన్నానండీ. అచ్చమ్మగారు అప్పనపల్లి మొక్కుకి వెళ్ళేరండీ, రేపు సాయంత్రానికి గానీ రారండీ అని చెబుదామనుకునేలోపు మీరు పెట్టేసేరండి" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతను నోరు తెరిచేలోపే నేను తాడు పీకేశాను.

సూర్యావతి గారు అప్పుడు చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆయ్ అంటే మీ మాట నా చెవినబడింది అనమ్మా. చేస్తానని కాదు, చెయ్యనని కాదు. విన్నది రాయి. అనుకున్నది నీ దగ్గరే ఉంచుకో."

గణపతికి మళ్ళీ ఫోను చేసే వీలు రెండు నెలలకి గాని దొరకలేదట. ఆ రెండు నెలలూ తల్లికి ఏదో అయిందనే అనుకుంటూ గడిపాడు. ఆ సంగతి తెలిసిన రోజు నేను బోర్డు ముందు కూర్చుని ఏడ్చాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తరవాత నేను గమనించిందేమిటంటే, ఆవిడ మాత్రం వినబడని మాటకి ఎప్పుడూ ఆయ్ అనేవారు కాదు. లైనులో గరగర వచ్చినా, అవతల కలెక్టరాఫీసువాళ్ళు విసుక్కున్నా సరే, మళ్ళీ చెప్పండి అనేవారు. నాలుగుసార్లయినా, పదిసార్లయినా. మాట పూర్తిగా చెవినబడ్డాకే ఆయ్.

96 తుపాను నాటికి నేను ఎక్స్ఛేంజి మానేసి అమలాపురంలో కంప్యూటరు క్లాసులకి వెళ్తున్నాను. ఆవిడ మాత్రం బోర్డు పోయి కొత్త మిషన్లు వచ్చినా ఫిర్యాదుల బల్ల దగ్గర ఉన్నారు. స్తంభాలన్నీ పడిపోయి, ఏ ఊళ్ళకి లైను లేదో జాబితా ఇమ్మని పైనుంచి మనిషి వచ్చాడు. అన్నీ పోయాయని రాసెయ్యండమ్మా, ఎలాగూ అంతేగా అన్నాడట. ఆవిడ రాయలేదు. పిలిచినా పలకని ఊళ్ళు ఒక కాగితం మీద, తను ఇంకా పిలవని ఊళ్ళు వేరే కాగితం మీద రాసిచ్చారు. రెండో కాగితం పైన ‘ఇంకా అడగలేదు’ అని పెట్టారు. అందులో ఉన్న మూడు ఊళ్ళు ఆ మర్నాడు పలికాయని బాపిరాజు గారు గర్వంగా చెప్పారు. మా ఆవిడ చంపకుండా వదిలేసిన ఊళ్ళండీ అవి అన్నారు.

ఆవిడ 1998లో రిటైరయ్యారు. నేను ఎంసీయే ముగించి, నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, 2003లో శివనాగరాజు గారి ఆఫీసులో చేరాను. ఆఫీసంటే గడియారస్తంభం దగ్గర బట్టల కొట్టు పైన రెండు గదులు, మొత్తం నలుగురం. 2006లో హైదరాబాదు కంపెనీ ఒకటి మాకో పని ఇచ్చింది. జిల్లాల్లో ఫ్రాంచైజీల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ అది. ప్రతి ఫ్రాంచైజీ దగ్గరా ఒక చిన్న కంప్యూటరు పెడతారు. మేమంతా దాన్ని డబ్బా అనేవాళ్ళం. అది అయిదు నిమిషాలకోసారి కంపెనీవాళ్ళ పేజీ ఒకటి తెరిచి చూసి, లైను బాగుందో లేదో కంపెనీకి చెప్పాలి. పైన ప్రోగ్రాము వాళ్ళది, కింద లైబ్రరీ మాది. అంటే నాది.

నేను చాలా అందంగా రాశాననుకున్నాను. పై ప్రోగ్రాము ఒక్క ప్రశ్న అడిగితే చాలు, నా లైబ్రరీ ఒక్క ముక్కలో జవాబిస్తుంది. పేజీ వచ్చిందా, పాసు. రాలేదా, ఫెయిలు. పిలుపు మధ్యలో ఎన్ని జరిగినా ఆ గొడవంతా పైవాడికి తెలియనక్కర్లేదు, అదే మంచి లైబ్రరీ లక్షణం అని శివనాగరాజు గారికి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

మూడు నెలల రిపోర్టులు చూసి కంపెనీవాళ్ళు రాజోలు ఫ్రాంచైజీకి నోటీసిచ్చారు. వందకి ముప్ఫయ్యొక్కసార్లు ఫెయిలు. నెలాఖరుకి బాగుపడకపోతే ఆ ఫ్రాంచైజీ ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

రాజోలు ఫ్రాంచైజీ అంజిబాబుది. మస్కట్‌లో తొమ్మిదేళ్ళు కరెంటు పనిచేసి వచ్చినవాడు. వచ్చిన కొత్తలో కూతురు పద్మశ్రీ అతన్ని వారం రోజులు అంకులూ అని పిలిచిందట. ఇంక గల్ఫు మొహం చూడనని ఒట్టేసుకుని ఈ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. కొబ్బరిచెట్ల మీంచి వైర్లు లాగాడు, ఉడతలు కొరికితే మోపెడ్ మీద వెళ్ళి తనే చెట్టెక్కి అతికాడు. ఆ పల్లెల్లో కొడుకులతో మొగుళ్ళతో గల్ఫుకి చాటింగు చేసుకునే ఆడవాళ్ళందరూ అతని లైను మీదే. ఆ నోటీసు పట్టుకుని మా ఆఫీసుకి వచ్చాడు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ మిషను అబద్ధమాడతాదని నేననటం లేదండీ మేడంగారూ. నా లైను మాత్రం బాగుందండి. ఇది పోతే నేను మళ్ళీ మస్కట్ వెళ్ళిపోవాలండి. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి ఇచ్చేసేనండి" అన్నాడు. లైను ఎప్పుడు తెగింది, ఎప్పుడు అతికాడు అన్నీ రాసుకున్న పుస్తకం బల్ల మీద పెట్టాడు.

నేను ఆ పుస్తకం తెరవలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మిషనుకి మీరంటే కోపమూ లేదు, కంపెనీ అంటే ప్రేమా లేదు, అది చూసింది చెబుతుంది, వందకి ముప్ఫయ్యొక్కసార్లు మీ లైను విఫలమైంది, ఎక్కడో వైరు బాగాలేదు, వెళ్ళి చూసుకోండి అన్నాను. అతను తల వంచి, "ఆయ్" అని, పుస్తకం తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడండీ అని నేను శివనాగరాజు గారికి చెప్పాను.

ఆ ఆదివారం కొత్తపేట వెళ్ళాను. నెలకోసారి సూర్యావతి గారిని చూడకపోతే నాకు తోచదు. అప్పటికి ఆవిడకి ఎడమ చెవి బొత్తిగా పోయింది. ముప్ఫయ్యేళ్ళు హెడ్‌ఫోను పెట్టిన చెవి అదే. కుడిచెవి వైపు కూర్చుని కాస్త గట్టిగా మాట్లాడాలి. ఆవిడ పనసపొట్టు కొడుతున్నారు. నా గొప్ప చెప్పుకోవడానికి రిపోర్టు కాగితాలు కూడా పట్టుకెళ్ళాను. రాజోలు సంగతంతా చెప్పి, మొదట కాదన్నాడు గానీ చివరికి ఒప్పుకున్నాడండీ అన్నాను.

"ఏమని ఒప్పుకున్నాడు?"

"ఆయ్ అన్నా..." మాట పూర్తికాకుండానే నా నోరు ఆగిపోయింది.

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పదిహేనేళ్ళ తరవాత, అదే సీమలో, అదే మాట దగ్గర, మళ్ళీ అదే గోతిలో పడ్డాను. ఈసారి ఇంకొక మనిషి, ఈసారీ గల్ఫే.

ఆవిడ చేతులు కడుక్కుని కాగితాలు తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క వరసే చూసుకుంటూ వచ్చారు. ఫెయిలు, పాసు, పాసు, ఫెయిలు, ఫెయిలు.

"ఏంటమ్మా ఇది, పిల్లల మార్కుల లిస్టా? ఎక్కడిదాకా వెళ్ళి ఆగిందో రాయలేదేం?"

పేజీ రాలేదు కాబట్టి ఫెయిలే కదండీ అన్నాను. అవతలివాళ్ళు ఎత్తారా అని అడిగారు. తెలియదన్నాను. బెల్లయినా మోగిందా అని అడిగారు. అదీ తెలియదన్నాను. లైబ్రరీ ఆ సంగతులన్నీ ఎప్పటికప్పుడు పారేస్తుందని చెప్పాను. అలా పారేసేలా రాసింది నేనేనని చెప్పడానికి కాస్త సమయం పట్టింది.

ఆవిడ కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, "ఎత్తి ఆయ్ అన్నారంటే లైను బతికే ఉందని కదమ్మా. ఆ పైన పలక్కపోతే తప్పు లైనుదెలా అవుద్ది?" అన్నారు.

1991లో ఆవిడ చెప్పిందాంట్లో నేను సగమే పట్టుకున్నాను. ఆయ్ అంటే చేస్తానని కాదు అన్న సగం. ఆయ్ అంటే మాట అక్కడిదాకా చేరింది అన్న రెండో సగం ఆ పనసపొట్టు ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఇంటర్నెట్టు కూడా మా పాత బోర్డులాగే పనిచేస్తుంది. ముందు పేరు చెప్పి నంబరు కనుక్కోవాలి. ఆ నంబరుని పిలవాలి. అవతలి కంప్యూటరు విన్నాను అని ఒక చిన్న పలుకు పలుకుతుంది. ఆ తరవాత పేజీ ఇమ్మని అడగాలి, వచ్చేదాకా ఆగాలి. ఇన్ని మెట్లలో ఎక్కడ ఆగినా నేను అన్నిటినీ ఒకే గాటన కట్టి, పేరు ఫెయిలని పెట్టాను. ఆ గాటకి అంజిబాబుని కూడా కట్టేశాను.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి లైబ్రరీ విప్పేశాను. తొమ్మిది రోజులు పట్టింది. కొత్త లైబ్రరీ పాసు, ఫెయిలు అన్న మాటలు అనదు. నంబరు అడిగాను, వచ్చింది. పిలిచాను, ఆయ్ వచ్చింది. పేజీ అడిగాను, పది సెకన్లు ఆగాను, రాలేదు. ప్రతి మెట్టుకీ పక్కన సమయం. ఒక మెట్టు దగ్గర ఆగిపోతే, దాని పై మెట్లకి ‘ఇంకా అడగలేదు’ అని రాస్తుంది గాని పోయాయని రాయదు. ఇంత రాస్తే డబ్బాలు నిండిపోతాయని శివనాగరాజు గారు గోల పెట్టారు. నిండితే ఖాళీ చేసుకుందామండీ, పారేసింది మాత్రం ఎక్కణ్ణించి తెస్తాం అన్నాను.

రాజోలు వెళ్ళి అంజిబాబు డబ్బాలో నేనే స్వయంగా పెట్టాను. అతని పుస్తకం అడిగి తీసుకున్నాను. మూడు రోజుల్లో పేజీ రాని సందర్భాలు రెండువందల అరవై ఎనిమిది. అందులో రెండువందల అరవై ఒక్కసార్లు నంబరు దొరికింది, పిలుపు వెళ్ళింది, అవతలినుంచి ఆయ్ వచ్చింది, ఆ తరవాత అవతలి కంప్యూటరు నోరు విప్పలేదు. ఆరా తీస్తే, రాజోలు డబ్బాకి చూడమని ఇచ్చిన పేజీ కంపెనీవాళ్ళ పాత కంప్యూటరు ఒకదాంట్లో ఉంది, అది పని ఎక్కువై పలకలేకపోతోంది. మిగతా ఫ్రాంచైజీల పేజీలు కొత్తదాంట్లో ఉన్నాయి. ఇంక మిగిలిన ఏడుసార్లు నిజంగానే లైను తెగింది. బుధవారం పదకొండూ ఇరవై నుంచి పన్నెండు లోపు. అంజిబాబు పుస్తకంలో చూస్తే, ‘బుధవారం, ఉడత, 11.20 నుంచి 11.55’ అని ఉంది.

కంపెనీకి ఉత్తరం రాయాలి. మూడు నెలలుగా మేం పంపిన రిపోర్టులు తప్పు, ఆ తప్పు మా లైబ్రరీది అని రాయాలి. పని చేతిలోంచి పోతుందని శివనాగరాజు గారు మొదట రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడోరోజు ఆయనే సంతకం పెట్టి, పోతే పోనివ్వండి సత్యప్రియగారూ, ఒక మనిషిని విమానమెక్కించి మనం తినేదేముంది అన్నారు. ఆ మాటకి ఆయన్ని జీవితాంతం తల్చుకుంటాను. పని పోలేదు. పాత కంప్యూటరు మార్చారు, రాజోలు ఫ్రాంచైజీ రెండేళ్ళు పొడిగించారు, కొత్త లైబ్రరీనే అన్ని డబ్బాల్లో పెట్టమన్నారు. అది రెండు రాష్ట్రాల్లో నడుస్తోంది ఇప్పుడు.

అందులో అవతలి కంప్యూటరు పలికిన మెట్టుకి నేను ‘ఆయ్’ అనే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. హైదరాబాదు ఇంజనీర్లకి అది అర్థంకాక, ఈ అక్షరాలు దేనికి సంక్షిప్తం, పూర్తి పేరు చెప్పమని ఉత్తరం రాశారు. ఇదే పూర్తి పేరు, మీ మాట నా చెవినబడింది అని అర్థం, అంతకుమించి ఏమీ లేదు అని జవాబిచ్చాను.

ఫ్రాంచైజీ పొడిగించిన వారం, శనివారంనాడు అంజిబాబు రెన్యూవలై వచ్చిన పాస్‌పోర్టుతో సహా మా ఆఫీసుకి వచ్చాడు. ఇది బీరువాలో పడేస్తున్నానండీ అన్నాడు. నేను అతన్ని క్షమించమని అడిగాను. అదేంటండీ అంటూ సిగ్గుపడిపోయి, మీకు ఈ సంగతి చెప్పిన అమ్మగారు ఎవరో ఉన్నారటగదా అని అడిగాడు. "నేను ఊళ్ళోనే ఉండిపోయేనని ఆవిడకి నా మాటగా చెప్పండి. నేను చెప్పేనని చెప్పండి" అన్నాడు.

మర్నాడు కొత్తపేట వెళ్ళాను. జలుబు చేసి ఆవిడకి కుడిచెవి కూడా సరిగా వినబడటం లేదని బాపిరాజు గారు గుమ్మంలోనే చెప్పారు. రెండు రోజులుగా నేనేమన్నా మళ్ళీ చెప్పండి అంటోందమ్మా, పెళ్ళయినప్పటినుంచీ ఇంతేగాని ఇప్పుడు కారణం దొరికింది అన్నారు. నేను వెళ్ళి ఆవిడ కుడివైపు పీట వేసుకుని కూర్చున్నాను. అంజిబాబు మస్కట్ వెళ్ళడం లేదండీ, ఊళ్ళోనే ఉండిపోయాడు, మీకు చెప్పమన్నాడు అన్నాను. ఆవిడ నా పెదాల వంక చూసి, మళ్ళీ చెప్పు అన్నారు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. మళ్ళీ చెప్పు అన్నారు. మూడోసారి ఆవిడ చెవికి నోరు ఆనించి చెప్పాను. అంజిబాబు మాట చెప్పాక, నా మాట కూడా చెప్పాను. పిన్నిగారూ, మీ వల్ల ఒక మనిషి ఇంట్లో ఉన్నాడు, మీ వల్లే నాకు ఈ పని తెలిసింది, ఇన్నాళ్ళూ ఈ ముక్క మీకు చెప్పనేలేదు అన్నాను. చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ మాటల్లో ఎన్ని బయటికి వచ్చాయో నాకే తెలియదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, పాత బోర్డు ముందు కూర్చున్నప్పటి గొంతుతో, "ఆయ్" అన్నారు.

ఆవిడ ఏమనుకున్నారో నాకు తెలియదు. నేననుకున్నది నా దగ్గరే ఉంచుకుంటాను. విన్నది మాత్రం రాస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం మూడూ పదికి, కొత్తపేటలో, సూర్యావతి గారు ఆయ్ అన్నారు.